ఆగింది, కానీ ఆరలేదు: ఒక బ్యాకప్ సిస్టమ్ డైరీ

1వ రోజు

పొద్దున లేచి చూసేసరికి ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. మానిటర్ ఆన్ చేస్తే నల్లని తెర మీద చివరి వరుసలో ‘రీబూట్: సిస్టమ్ హాల్టెడ్’ అని ఉంది. కీబోర్డు మీద ఏది నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

అసలు ఏం జరగాలో ముందు రాసి పెట్టుకుంటాను. మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్‌లో రెండు హార్డ్ డిస్కులు బిగించి, డెబియన్ అనే లినక్స్ వేసి, దాన్ని బ్యాకప్ సిస్టమ్‌గా మార్చాను. రాత్రి పడుకునే ముందు నేను బటన్ నొక్కుతాను. అది బూట్ అయ్యి, ఇంట్లోని మిగతా సిస్టమ్‌ల నుంచి ఆర్‌సింక్ అనే కాపీ టూల్‌తో ఫైళ్లు తెచ్చుకుంటుంది. ఆ పనికి గంట, గంటన్నర పడుతుంది. అయిపోగానే దానంతటదే పవర్ ఆఫ్ అయిపోవాలి. స్క్రిప్ట్ చివరి వరుసలో ‘షట్‌డౌన్ మైనస్ హెచ్ నౌ’ అని రాశాను. బ్యాకప్ లాగ్ చూస్తే అన్నీ సక్రమంగా వచ్చాయి. చివరి అడుగు ఒక్కటే పడలేదు.

సాయంత్రం కేసు పక్క తలుపు తీసి, దగ్గర కూర్చుని మళ్లీ షట్‌డౌన్ ఇచ్చాను. సర్వీసులు ఒక్కొక్కటే ఆగాయి. ఫైల్ సిస్టమ్‌లు అన్‌మౌంట్ అయ్యాయి, అంటే డిస్కుల మీది ఫైళ్లతో సిస్టమ్ సంబంధం తెంచుకుంది. తర్వాత ఒక్కో డిస్కు పేరు మీద ‘సింక్రనైజింగ్ స్కజీ క్యాష్’, ఆ వెంటనే ‘స్టాపింగ్ డిస్క్’ అని వచ్చాయి. డిస్కు మీద వేలు ఆనించి ఉంచాను. సన్నని అదురు మెల్లగా తగ్గుతూ వచ్చి, చిన్న టిక్కు శబ్దంతో పూర్తిగా పోయింది. ప్రాసెసర్ మీది ఫ్యాన్, వెనక ఫ్యాన్, ముందున్న లైటు మాత్రం ఏమీ ఎరగనట్టు అలాగే ఉన్నాయి.

తమ్ముడు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. “అన్నా, ఆపేశానన్నావు, ఇంకా మోగుతోందేంటి?”

“ఆగిందిరా. ఆరలేదు.”

వాడికి చెప్పిన ఆ మాటే నాకూ దారి చూపించింది. ఆగడం ఆపరేటింగ్ సిస్టమ్ చేతిలో పని, ఆరడం మదర్‌బోర్డు చేతిలో పని. మొదటిది బ్రహ్మాండంగా జరుగుతోంది, డేటాకు ఏ భయమూ లేదు. రెండోదానికి కబురు వెళ్లడం లేదు. ఆ కబురు ఎక్కడ ఆగిపోతోందో పట్టుకోవాలి.

ప్లగ్‌కి వాట్ మీటర్ పెట్టి చూశాను. హాల్ట్ అయ్యాక కూడా 40 వాట్ల దగ్గరే నిలిచింది. ఏ పనీ లేకుండా తెల్లవార్లూ అంత కరెంటు లాగడం నాకు సహించదు.

2వ రోజు

మొదటి అనుమానం నేను రాసిన కమాండ్ మీదే. యూనిక్స్ కుటుంబంలో ఈ విషయంలో మాట మాటకీ తేడా ఉంది. హాల్ట్ అంటే ప్రాసెసర్‌ని నిలిపేయడం. పవర్ఆఫ్ అంటే నిలిపేసి కరెంటు కూడా తీసేయమని అడగడం. షట్‌డౌన్‌కి హెచ్ అనే అక్షరం ఇస్తే ఈ రెండింటిలో ఏది జరుగుతుందన్నది ఏ సిస్టమ్ మీద ఉన్నామన్న దాన్ని బట్టి మారుతుంది. సిస్టమ్‌డీ (సర్వీసులను మొదలుపెట్టి, ఆపే ప్రోగ్రామ్) ఉన్న లినక్స్‌లో అది పవర్ఆఫ్ కిందే లెక్క, పక్కన విడిగా హాల్ట్ అని చెబితే తప్ప. అదే అక్షరాన్ని ఫ్రీబీఎస్‌డీలో ఇస్తే అచ్చంగా హాల్టే. సిస్టమ్ ఆగిపోయి, రీబూట్ కావాలంటే ఏదో ఒక కీ నొక్కమని అడుగుతుంది. అక్కడ పవర్ పోవాలంటే ‘షట్‌డౌన్ మైనస్ పీ నౌ’ అనాలి. ఓపెన్‌బీఎస్‌డీలో ‘హాల్ట్ మైనస్ పీ’. ఒకచోట అలవాటైన చెయ్యి ఇంకోచోట అదే అక్షరం కొట్టేస్తుంది కాబట్టి, స్క్రిప్టుల్లో ఇకపై హెచ్ వాడకూడదని నిర్ణయించుకున్నాను. కావాల్సింది పవర్ఆఫ్ అయినప్పుడు ఆ మాటే పూర్తిగా రాస్తే తర్వాత చదివేవాళ్లకీ సందేహం ఉండదు.

ఈ తేడా ఊరికే పుట్టలేదు. పాత ఏటీ తరహా క్యాబినెట్లలో పవర్ స్విచ్ నేరుగా మెయిన్స్ కరెంటునే తెంపేది. సాఫ్ట్‌వేర్‌కి ఆ స్విచ్ మీద ఏ అధికారమూ లేదు. అందుకే సిస్టమ్ అన్నీ సర్దేసి, ఇక మీరు ఆపుకోవచ్చు అని తెర మీద చెప్పి నిలబడిపోయేది. ఆ రోజుల్లో హాల్ట్ అంటేనే ఆఖరి మెట్టు. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ పద్ధతితో ఆ స్విచ్ మారింది. బటన్ ఇప్పుడు బోర్డుకి కబురు మాత్రమే పంపుతుంది, పవర్ సప్లైని ఆన్ చేసేదీ ఆఫ్ చేసేదీ బోర్డే.

స్క్రిప్ట్ చివర ‘సిస్టమ్‌సీటీఎల్ పవర్ఆఫ్’ అని మార్చి నడిపాను. అదే తెర, అదే వరుస, ‘సిస్టమ్ హాల్టెడ్’. ఎక్కడి గొంగళి అక్కడే ఉంది.

కానీ ఒక సంగతి గమనించి నోట్‌బుక్‌లో గీత గీసి పెట్టుకున్నాను. నేను అడిగింది పవర్ఆఫ్. అది చెప్పింది హాల్టెడ్. మామూలుగా అయితే ‘పవర్ డౌన్’ అని రావాలి. అంటే మధ్యలో ఎవరో నా మాట మార్చేశారు.

3వ రోజు

ఆ మాట మార్చినవాళ్లెవరో వెతికే ముందు, తప్పు హార్డ్‌వేర్‌లో లేదని నిర్ధారించుకోవాలి. ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) పాడై ఆరకుండా ఉండిపోతుంటే సాఫ్ట్‌వేర్‌లో ఎంత వెతికినా వృథా.

ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకి వచ్చే 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌లో 16వ పిన్ను ఆకుపచ్చ తీగది. దాని పేరు పీఎస్ ఆన్. ఎస్‌ఎంపీఎస్ లోపలి నుంచి ఆ తీగ 5 వోల్టుల వైపు లాగి ఉంటుంది. బోర్డు దాన్ని గ్రౌండ్‌కి లాగి పట్టుకున్నంతసేపే ఎస్‌ఎంపీఎస్ నడుస్తుంది, వదిలేస్తే ఆరిపోతుంది. అదే కనెక్టర్‌లో 9వ పిన్నులో ఊదా రంగు తీగ ఉంటుంది. అందులో సిస్టమ్ ఆఫ్‌లో ఉన్నా 5 వోల్టులు నడుస్తూనే ఉంటాయి. బటన్ నొక్కితే గమనించడానికి బోర్డులో ఒక చిన్న భాగం మేలుకుని ఉండాలి కదా, దాని తిండి ఆ తీగ నుంచే.

కనెక్టర్ పీకకుండా, వెనక వైపు నుంచి మల్టీమీటర్ ఎర్ర ప్రోబ్‌ని ఆకుపచ్చ తీగ పక్కన దూర్చి, నల్ల ప్రోబ్‌ని నల్ల తీగకి పెట్టాను. ఇక్కడ చెయ్యి జారితే రెండు పిన్నులు కలిసిపోతాయి, అందుకని ఊపిరి బిగబట్టి చేయాల్సిన పని. సిస్టమ్ నడుస్తుండగా 0.08 వోల్టులు. హాల్ట్ అయ్యాకా అంతే, 0.08. బోర్డు ఇంకా ఆ తీగని గట్టిగా పట్టుకునే ఉంది. బటన్ నొక్కాను. మీటర్ ఒక్కసారిగా 4.9కి ఎగిరింది, ఫ్యాన్లు నెమ్మదించి ఆగాయి.

ఎస్‌ఎంపీఎస్ మంచిదే. వదలమని చెబితే బోర్డు వదులుతుంది. బోర్డుకి ఎవరూ చెప్పడం లేదంతే.

ఇంకో విషయం కూడా ఇక్కడే రాసి పెట్టాలి, రేపు పనికొస్తుందనిపిస్తోంది. బటన్‌ని ఇలా తాకితే అలా ఆరిపోయింది. నాకు తెలిసి ఈ తరం సిస్టమ్‌లలో ఆపరేటింగ్ సిస్టమ్ స్పందించనప్పుడు బటన్‌ని 4 సెకన్లు నొక్కి పట్టుకోవాలి. ఇది పట్టుకోనక్కర్లేకుండానే ఎలా పోయింది?

4వ రోజు

ఈరోజు తీగ లాగితే డొంకంతా కదిలింది.

లినక్స్‌లో ఎవరు ఏ కమాండ్ ఇచ్చినా చివరికి అది కెర్నల్‌ని (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయని) పని అడిగే రీబూట్ అనే ఒకే ఒక సిస్టమ్ కాల్ దగ్గరికి చేరుతుంది. హాల్ట్, పవర్ఆఫ్, రీబూట్ మూడూ దానికి ఇచ్చే వేరు వేరు సంఖ్యలే. పొరపాటున ఎవరూ పిలవకుండా ముందు రెండు మాయసంఖ్యలు కూడా ఇవ్వాలి. రెండో సంఖ్యగా కెర్నల్ ఒప్పుకునేవాటిలో ఒకటి 672274793. దీన్ని హెక్స్‌లోకి, అంటే 16 ఆధారంగా రాసే పద్ధతిలోకి మారిస్తే 28121969 అని వస్తుంది, అంటే 28 డిసెంబర్ 1969, లైనస్ టోర్వాల్డ్స్ పుట్టినరోజు. ఒప్పుకునే మిగతా సంఖ్యలు ఆయన ముగ్గురు కూతుళ్ల పుట్టినరోజులు. ఆ మాన్యువల్ పేజీ చదువుతుంటే ఇంత గంభీరమైన చోట ఇంటి మనుషులు కనిపించినట్టు అనిపించి కాసేపు అక్కడే ఆగిపోయాను.

అసలు విషయం ఆ కోడ్‌లోనే ఉంది. పవర్ఆఫ్ అడిగినప్పుడు కెర్నల్ ముందుగా ఒకటి చూసుకుంటుంది: ఈ యంత్రంలో కరెంటు తీయించే దారి ఏదైనా నా దగ్గర నమోదై ఉందా? లేకపోతే అడిగిన పవర్ఆఫ్‌ని నిశ్శబ్దంగా హాల్ట్‌గా మార్చేస్తుంది. మొన్న గీత గీసి పెట్టుకున్న ప్రశ్నకి జవాబు దొరికింది. మాట మార్చింది కెర్నలే. దానికి వేరే దారి లేకే మార్చింది.

పీసీల్లో ఆ దారి పేరు ఏసీపీఐ. 1996 డిసెంబర్‌లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి తెచ్చిన ప్రమాణం. దానికి ముందు 1992 నుంచి ఏపీఎం అనే పాత పద్ధతి ఉండేది. ఏపీఎంలో పవర్ పెత్తనమంతా బోర్డులోనే ఉండే బయోస్ అనే ప్రోగ్రామ్‌దే, ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని అడగాలి. ఏసీపీఐలో బయోస్ కొన్ని పట్టికలు రాసి ఇస్తుంది, వాటిని చదువుకుని ఆపరేటింగ్ సిస్టమే పెత్తనం చేస్తుంది. అలాంటప్పుడు నా కెర్నల్‌కి ఏసీపీఐ ఎందుకు దొరకలేదు?

బూట్ లాగ్‌లో ఏసీపీఐ అని వెతికాను. పేజీల కొద్దీ రావాల్సిన చోట రెండు మూడు ముక్కలే వచ్చాయి. కెర్నల్ ఏ మాటలతో బూట్ అయిందో ప్రాక్ డైరెక్టరీలోని కమాండ్ లైన్ ఫైల్ చెబుతుంది. తెరిచి చూస్తే చివర నిక్షేపంలా కూర్చుని ఉంది: ‘ఏసీపీఐ ఈక్వల్స్ ఆఫ్’.

అది నేను పెట్టిందే. డెబియన్ వేసిన రోజు ఇన్‌స్టాలర్ మధ్యలో బిగుసుకుపోయింది. బూట్ మెనూలో ఆ మాట చేర్చగానే ముందుకు కదిలింది. ఇన్‌స్టాల్ అయ్యాక కూడా అది గ్రబ్ (సిస్టమ్‌ని బూట్ చేసే ప్రోగ్రామ్) సెట్టింగుల్లో ఉండిపోయింది. నెలలు గడిచాయి, నేను మరిచిపోయాను.

కోర్ల సంఖ్య చూపించే కమాండ్ కొట్టి చూస్తే ఇంకో నష్టం బయటపడింది. నాలుగు కోర్ల ప్రాసెసర్‌లో 1 అని చూపిస్తోంది. మిగతా కోర్లు ఎక్కడున్నాయో చెప్పే పట్టిక కూడా ఏసీపీఐలోదే. అంటే ఇన్నాళ్లూ ఈ సిస్టమ్ ఒంటి కోర్‌తో బ్యాకప్‌లు మోసింది. బటన్ సంగతీ తేలిపోయింది. ఆపరేటింగ్ సిస్టమ్ ఏసీపీఐని చేతిలోకి తీసుకోకపోతే బటన్ బయోస్ అధీనంలోనే ఉంటుంది, నొక్కగానే అది ఆర్పేస్తుంది. మూడు లక్షణాలు, రోగం ఒక్కటే.

5వ రోజు

ఏసీపీఐ ఆఫ్ అన్న మాట తీసేసి బూట్ చేశాను. ఊహించినట్టే ఇన్‌స్టాల్ రోజు బిగుసుకున్న చోటే మళ్లీ బిగుసుకుంది. అది పెడితే ఆరదు, తీస్తే లేవదు. ముందు నుయ్యి వెనక గొయ్యి.

అయితే మొత్తం ఏసీపీఐని కాదనడానికీ, అందులో ఇబ్బంది పెడుతున్న ముక్కని మాత్రం కాదనడానికీ చాలా తేడా ఉంది. గ్రబ్ మెనూలో ‘ఈ’ నొక్కితే ఆ ఒక్క బూట్‌కి మాత్రమే వర్తించేలా మార్చుకోవచ్చు, కాబట్టి ఎన్ని ప్రయోగాలు చేసినా ఫైల్ చెడదు. ఒక్కో మాట చేర్చి, ఒక్కోసారి బూట్ చేసుకుంటూ పోయాను. ఇంటరప్ట్‌లు, అంటే పరికరాలు ప్రాసెసర్‌ని పిలిచే సంకేతాలు, అందుకునే లోకల్ ఏపిక్‌ని వద్దనే మాట పెట్టాను, ఫలితం లేదు. గ్రాఫిక్స్ మోడ్‌ని వద్దనే ‘నోమోడ్‌సెట్’ పెట్టాను, లేదు. నాలుగో ప్రయత్నంలో ‘ఏసీపీఐ ఈక్వల్స్ నో ఐఆర్‌క్యూ’. అంటే మిగతా ఏసీపీఐ అంతా ఉంచు, ఇంటరప్ట్‌ల దారులు మాత్రం ఆ పట్టికల నుంచి తీసుకోకు అని. బూట్ అయ్యింది!

బూట్ లాగ్‌లో ‘సపోర్ట్స్ ఎస్0 ఎస్3 ఎస్4 ఎస్5’ అన్న వరుస కనిపించింది. ఎస్0 అంటే నడుస్తున్న స్థితి. ఎస్3 అంటే మెమరీలో అన్నీ ఉంచుకుని నిద్ర. ఎస్4 అంటే అన్నీ డిస్కు మీద రాసుకుని నిద్ర. ఎస్5 అంటే ఆరిపోవడం. నాకు కావాల్సింది ఆ చివరిదే. కోర్లు చూస్తే నాలుగు.

పవర్ఆఫ్ కొట్టాను. డిస్కులు ఆగాయి. ‘పవర్ డౌన్’ అన్న అక్షరాలు ఇలా కనిపించి అలా మాయమయ్యాయి. ఆకుపచ్చ తీగ మీద మీటర్ 4.9. గదిలో అంత నిశ్శబ్దం విని ఎన్ని రోజులైందో. నాకు నిజంగా కళ్లు చెమర్చాయి.

రాత్రి నిద్ర పట్టక, ఆ చివరి క్షణంలో కెర్నల్ బోర్డుకి ఏం చెప్పిందో నా కళ్లతో చూడాలనిపించింది. ఏసీపీఐ డంప్ అనే టూల్‌తో బయోస్ పట్టికలు బయటకి తీసి, ఐఏఎస్‌ఎల్ అనే ఇంకో టూల్‌తో వాటిని చదవగలిగే రూపంలోకి మార్చాను. పెద్ద పట్టిక డీఎస్‌డీటీలో ఎస్5 పేరుతో ఒక చిన్న పొట్లం ఉంది, అందులో మొదటి అంకె 7. ఇంకో పట్టిక ఎఫ్‌ఏడీటీలో ఒక రిజిస్టర్ (చిప్‌లోని చిన్న గడి) అడ్రస్ ఉంది. నిద్ర ఏ రకమో చెప్పే అంకె ఆ రిజిస్టర్‌లో 10, 11, 12 బిట్లలో కూర్చోవాలి. 7ని 10 బిట్లు ఎడమకి జరిపితే 7168. ‘ఇక కానివ్వు’ అని చెప్పే బిట్ 13వది, దాని విలువ 8192. రెండూ కలిపితే 15360. ఆ రిజిస్టర్‌లోని మిగతా బిట్లను అలాగే ఉంచి ఈ బిట్లను కలిపి రాయడంతోనే బోర్డు ఆకుపచ్చ తీగని వదిలేస్తుంది. సర్వీసులు, అన్‌మౌంట్లు, సింకులు ఇన్ని జరిగాక చివరికి అంతా ఆ ఒక్క రాత మీద ఆధారపడి ఉంది. ఆ 7 అన్నది నా బోర్డు తయారీదారు ఇచ్చిన అంకె, వేరే చిప్‌సెట్‌లో వేరే ఉండొచ్చు. అందుకే కెర్నల్ దాన్ని ముందే అనుకోకుండా పట్టిక అడిగి తెలుసుకుంటుంది.

6వ రోజు

ఒక మాట పెట్టి నడిపించడం తాత్కాలికమే. ఇంటరప్ట్ పట్టికలో తప్పుంటే అది సరిచేయాల్సింది బయోస్‌లోనే. బోర్డుకి కొత్త బయోస్ ఉంది, నాది చాలా పాతది. యూపీఎస్ మీద పెట్టి అప్‌డేట్ చేశాను. ఆ రెండు నిమిషాలు మాత్రం బాగా టెన్షన్. తర్వాత ఏ అదనపు మాటా లేకుండా బూట్ అయ్యింది, పవర్ఆఫ్ కూడా అయ్యింది. గ్రబ్ ఫైల్ శుభ్రం చేసి, అప్‌డేట్ గ్రబ్ కొట్టి ముగించాను.

7, 8 రోజులు

రెండు రాత్రులూ దానంతటదే ఆరిపోయింది. ఆరాక వాట్ మీటర్ అర వాట్ కూడా చూపించలేదు.

9వ రోజు

అంతా బాగుంది కదా అని రెండో దశ మొదలుపెట్టాను. రాత్రి బటన్ నొక్కే పని కూడా నాకు ఉండకూడదు. ఎప్పుడూ ఆన్‌లో ఉండే చిన్న బోర్డు ఒకటి ఇంట్లో ఉంది, అది నెట్‌వర్క్ మీదుగా ఈ సిస్టమ్‌ని లేపాలి. దాన్నే వేక్ ఆన్ ల్యాన్ అంటారు. లేపే ప్యాకెట్‌లో 6 బైట్లు నిండా ఒకట్లే ఉంటాయి, ఆ తర్వాత లేపాల్సిన నెట్‌వర్క్ కార్డు సొంత చిరునామా (మ్యాక్ అడ్రస్) 16 సార్లు ఉంటుంది, మొత్తం 102 బైట్లు.

ప్యాకెట్ పంపితే ఎంతకీ లేవలేదు. కారణం బయోస్ అప్‌డేట్. సెట్టింగులన్నీ మొదటికి వచ్చి, ఈఆర్‌పీ అనేది ఆన్ అయి ఉంది. ఆఫ్‌లో ఉన్నప్పుడు కరెంటు వాడకాన్ని అర వాట్ లోపు ఉంచడానికి అది నెట్‌వర్క్ కార్డుకి కూడా తిండి ఆపేస్తుంది. దాన్ని ఆఫ్ చేశాను. తర్వాత ఈథ్‌టూల్ అనే కమాండ్‌తో కార్డుకి లేచే అనుమతి ఇవ్వాలి. ఏ పిలుపుకి లేవాలో చెప్పడానికి పీ, యూ, ఎం, బీ, జీ అని అక్షరాలు ఉన్నాయి. ఏది కావాలో ఆలోచించకుండా, ఏదో ఒకటి పనిచేస్తుందిలే అని ఐదూ ఇచ్చేశాను.

పవర్ఆఫ్ కొట్టాను. ఆరింది. నేను కుర్చీలోంచి లేచేలోపు మళ్లీ ఆన్ అయ్యింది.

మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. కెర్నల్ పొరపాటున రీబూట్ చేస్తోందేమోనని మీటర్ మళ్లీ పెట్టాను. ఆకుపచ్చ తీగ 4.9కి వెళ్లి, రెండు సెకన్లు అక్కడే ఉండి, మళ్లీ సున్నా దగ్గరికి దిగింది. రీబూట్ అయితే ఆ తీగ అసలు కదలకూడదు. అంటే నిజంగానే ఆరింది, ఎవరో మళ్లీ లేపారు.

నెట్‌వర్క్ కేబుల్ పీకి పవర్ఆఫ్ కొట్టాను. ఆరింది, ఐదు నిమిషాలైనా లేవలేదు. దొంగ దొరికాడు.

10వ రోజు

అక్షరాల్ని ఒక్కొక్కటిగా పరీక్షించాను. జీ అంటే ఆ 102 బైట్ల ప్యాకెట్ వస్తేనే లేవడం. బీ అంటే అందరికీ పంపే ఏ ప్యాకెట్ వచ్చినా లేవడం. ఇంటి నెట్‌వర్క్‌లో ‘ఈ అడ్రస్ ఎవరిది?’ అని ప్రతి పరికరం ఎప్పుడూ అందరినీ అడుగుతూనే ఉంటుంది, కాబట్టి బీ ఒక్కటే ఉంచితే నిమిషం కూడా నిద్రపోలేదు. పీ అంటే కేబుల్ లింక్‌లో కదలిక వస్తే లేవడం. ఇదే అన్నిటికన్నా వేగంగా లేపింది. సిస్టమ్ ఆరేటప్పుడు కార్డు కరెంటు పొదుపు కోసం గిగాబిట్ నుంచి తక్కువ వేగానికి దిగుతుంది. ఆ దిగడంలో లింక్ ఒకసారి పోయి వస్తుంది. ఆ కదలికకే కార్డు తనని తాను లేపుకుంది.

జీ ఒక్కటే ఉంచాను. ఈథ్‌టూల్ సెట్టింగ్ ప్రతి బూట్‌కీ మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది కాబట్టి, సిస్టమ్‌డీ లింక్ ఫైల్‌లో వేక్ ఆన్ ల్యాన్ దగ్గర ‘మ్యాజిక్’ అని రాసి పెట్టాను. ఇప్పుడు పిలిస్తేనే పలుకుతోంది.

12వ రోజు

ఒకరాత్రి ఆరడానికి 90 సెకన్లు ఎక్కువ తీసుకుంది. తెర మీద ‘ఎ స్టాప్ జాబ్ ఈజ్ రన్నింగ్’ అని లెక్క పెడుతూ కూర్చుంది. సిస్టమ్‌డీ ఒక సర్వీస్ ఆగడానికి ఇచ్చే గడువు మామూలుగా అంతే. తమ్ముడు తన ల్యాప్‌టాప్‌ని బ్యాకప్ అయిన వెంటనే మూసేశాడు. నెట్‌వర్క్ మీదుగా పంచుకునే దాని ఎన్‌ఎఫ్‌ఎస్ ఫోల్డర్ ఇక్కడ ఇంకా మౌంట్ అయ్యే ఉంది. అవతల ఎవరూ లేకపోతే అన్‌మౌంట్ ఎవరి జవాబు కోసం ఎదురుచూస్తుంది? స్క్రిప్ట్‌లో ప్రతి కాపీ అవ్వగానే ఆ ఫోల్డర్‌ని అక్కడికక్కడే అన్‌మౌంట్ చేసేలా మార్చాను.

ఇలాంటివి చూడటానికి ఒక మంచి ఏర్పాటు ఉంది. సిస్టమ్‌డీ లైబ్రరీ డైరెక్టరీలో ‘సిస్టమ్ షట్‌డౌన్’ అనే ఫోల్డర్‌లో స్క్రిప్ట్ పెడితే, ఆరే ముందు ఆఖరి క్షణంలో అది నడుస్తుంది. పవర్ఆఫా, హాల్టా, రీబూటా అన్నది కూడా దానికి అందుతుంది. అందులో రూట్ ఫైల్ సిస్టమ్‌ని ఒక్క క్షణం రాయడానికి తెరిచి, కెర్నల్ లాగ్‌ని ఫైల్‌లోకి రాసి, మళ్లీ చదవడానికి మాత్రమే అన్నట్టు మార్చేశాను. మొదటిరోజే ఇది పెట్టుకుని ఉంటే సగం వెతుకులాట తప్పేది.

13వ రోజు

తమ్ముడి దగ్గర పాత పెంటియమ్ 3 సిస్టమ్ ఉంది, 32 బిట్‌ది. “అన్నా, ఇది కూడా ఆరట్లేదు, చూస్తావా?” అని తెచ్చాడు. దాని బూట్ లాగ్‌లో, బయోస్ మరీ పాతది, కటాఫ్ తేదీకి ముందుది కాబట్టి ఏసీపీఐని బలవంతంగా ఆన్ చేస్తే తప్ప వాడనని కెర్నల్ చెబుతోంది. బలవంతంగా ఆన్ చేస్తే కీబోర్డు పనిచేయలేదు. వెనక్కి వచ్చేసి, ఏపీఎం మాడ్యూల్ (కెర్నల్‌కి విడిగా చేర్చే ముక్క) లోడ్ చేసి పవర్ఆఫ్ కొట్టాను. ఆరింది. ఏసీపీఐ నడుస్తుంటే ఏపీఎం పక్కకి తప్పుకుంటుంది, రెండిట్లో ఒకటే ఉండాలి. మాడ్యూల్ పేరుని బూట్‌లో లోడ్ అయ్యే జాబితాలో చేర్చి ఇచ్చేశాను. పది నిమిషాల పని. 64 బిట్ కెర్నల్ అయితే ఈ దారే ఉండేది కాదు.

16వ రోజు

స్క్రిప్ట్ చివరి వరుస ఇప్పుడు ‘షట్‌డౌన్ మైనస్ పెద్ద పీ ప్లస్ 5’. ఐదు నిమిషాల గడువు ఎందుకంటే, నేను ఏదైనా పని మీద లాగిన్ అయి ఉంటే హెచ్చరిక కనిపిస్తుంది, ‘షట్‌డౌన్ మైనస్ సీ’ కొట్టి రద్దు చేసుకోవచ్చు. బ్యాకప్‌లో ఏదైనా తప్పు జరిగితే మాత్రం ఆరకుండా అలాగే ఉండేలా రాశాను, పొద్దున ఫ్యాన్ చప్పుడు వినిపిస్తే ఏదో జరిగిందని తెలుస్తుంది.

ఒక పని మిగిలి ఉంది. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ కబురు అందుకుని సిస్టమ్ చక్కగా ఆరుతోంది. కానీ యూపీఎస్ బ్యాటరీ అయిపోకముందే కరెంటు తిరిగొస్తే, బోర్డుకి అసలు కరెంటు పోయినట్టే తెలియదు. బయోస్‌లో ‘కరెంటు వచ్చాక ఆన్ అవ్వు’ అని పెట్టినా లేవదు. అందుకే సిస్టమ్ ఆరే ఆఖరి క్షణంలో యూపీఎస్‌కి కూడా నీ అవుట్‌పుట్ కాసేపు తెంపమని చెప్పాలి. యూపీఎస్‌ని చూసుకునే నట్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ఏర్పాటు ఉంది, ఒక గుర్తు ఫైల్ ఉంటేనే ఆ ఆజ్ఞ వెళుతుంది. ఆ వరుసని షట్‌డౌన్ ఫోల్డర్‌లోని స్క్రిప్ట్‌కి చేర్చాను. ఈ రాత్రి బ్యాకప్ మధ్యలో యూపీఎస్ ప్లగ్ పీకి చూడబోతున్నాను. మల్టీమీటర్ ప్రోబ్ ఆకుపచ్చ తీగ పక్కనే దూర్చి ఉంచాను.